కారుతున్నది కొవ్వా, నీరా?

నయా రాయపూర్‌లో ఉండే మా బావగారికి కిందటేడు రక్తపరీక్షలో కొలెస్టరాల్ కొంచెం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. డాక్టరుగారు వేపుళ్లు మానమన్నారు. మాంసం పూర్తిగా వదలలేకపోతే కొవ్వు తక్కువగా ఉన్న ముక్కలు చూసుకుని, నూనె లేకుండా కాల్చుకు తినమన్నారు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000లో ఏర్పడిన తర్వాత రాజధాని కోసం రాయపూర్ పక్కన కట్టిన నగరం అది. 2018లో దాని పేరు అటల్ నగర్‌గా మార్చారు. నవా రాయపూర్ అనీ అంటారు. మా వాళ్లకు మాత్రం ఇంకా పాత పేరే నోటికి వస్తుంది. సెక్టార్ల వారీగా కట్టిన ఫ్లాట్లలో కాపురం కాబట్టి బొగ్గుల కుంపటి పెట్టుకోవటానికి పెరడు లేదు. అందుకని బావగారు వంటగది గట్టు మీద పెట్టుకునే విద్యుత్ గ్రిల్ ఒకటి కొన్నారు.

ఆ రోజుల్లోనే నేను అక్కావాళ్లింటికి వెళ్లాను. చర్మం తీసిన కోడి రొమ్ము ముక్కను గ్రిల్‌లో పెట్టి, మూత వేసి, పావుగంట సేపు కాల్చారు. పైకి ఎర్రగా, చూడముచ్చటగానే ఉంది. నోట్లో పెట్టుకుంటే మాత్రం పీచుపీచుగా, చెప్పు అట్టలా ఉంది. "మందు అనుకుని మింగాలి" అంది అక్క. బావగారు గ్రిల్ కింద ఉన్న చిన్న పళ్లెం బయటికి లాగి చూపించారు. అందులో మూడు చెంచాల ద్రవం ఉంది. "రుచి పోతే పోయింది. ఎంత కొవ్వు కారిందో చూశావా? సైన్సు రాస్తావుగా, ఇదీ సైన్సే!" అన్నారు.

ఆ పళ్లెంలో ఉన్నది నిజంగా కొవ్వేనా? ఈ చిన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే గ్రిల్ మీద మాంసం ఎందుకు ఎండిపోతుందో, ఎండకుండా ఎలా కాల్చుకోవాలో కూడా తెలుస్తుంది. ఇందులో రుచి ఒక్కటే లేదు. ముక్క నమలలేనంత గట్టిగా ఉంటే నెల తిరగకుండానే గ్రిల్ అటకెక్కుతుంది, నూనె మూకుడు మళ్లీ పొయ్యి మీదికి వస్తుంది. మెత్తగా ఉండాలని సగం కాల్చి తింటే రోగక్రిములు కడుపులోకి పోతాయి. ఈ రెంటి మధ్యా ఉన్న దారి ఇరుకైనది. దాన్ని తెలుసుకోవటానికి కొంచెం భౌతికశాస్త్రం, కొంచెం రసాయనశాస్త్రం కావాలి.

రాతి పలక నుంచి లోహపు పలక దాకా

హైదరాబాదులో 'పత్థర్ కా గోష్త్' తిన్నవారికి ఈ యంత్రం సూత్రం సగం తెలిసినట్లే. బొగ్గుల మీద గ్రానైట్ రాతి పలకను బాగా వేడిచేస్తారు. ఎముక తీసి, పల్చగా కోసి, మసాలాలో నానబెట్టిన మాంసాన్ని ఆ రాతి మీద పరుస్తారు. మంట మాంసాన్ని తాకదు. వేడి రాతి నుంచి ముక్కలోకి నేరుగా ప్రవహిస్తుంది. దీన్నే ఉష్ణవహనం అంటారు. తందూరులో ఎక్కువ వేడి వికిరణం వల్ల వస్తుంది. వేపుడులో నూనె, పులుసులో నీరు వేడిని మోసుకొస్తాయి.

విద్యుత్ గ్రిల్‌లో గ్రానైట్ బదులు అల్యూమినియం పలకలు ఉంటాయి. ఒకటి కింద, ఒకటి మూతలో. పలక వెనుక విద్యుత్ నిరోధకం ఉన్న తీగ ఎర్రబడి పలకను వేడి చేస్తుంది. పలక తగినంత వేడెక్కగానే థర్మోస్టాట్ కరెంటును ఆపుతుంది, చల్లబడగానే మళ్లీ ఇస్తుంది. చాలా గ్రిళ్లలో పలక ఉష్ణోగ్రత 180 నుంచి 220 సెంటీగ్రేడ్ డిగ్రీల మధ్య ఉంటుంది. కొన్నింటిలో పలకలు ముందుకు వాలుగా ఉండి, కారిన ద్రవం పళ్లెంలోకి జారుతుంది.

వాలు పలకల గ్రిల్‌కు ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చినవాడు వంటవాడు కాడు, మల్లయోధుడూ కాడు, బాక్సర్. మైకేల్ బోమ్ అనే అమెరికన్ రూపొందించిన గ్రిల్‌ను 1994లో జార్జ్ ఫోర్‌మన్ పేరుతో అమ్మకానికి పెట్టారు. అదే సంవత్సరం నవంబరులో ఫోర్‌మన్ తన 45వ ఏట మళ్లీ ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. ఆ వయసులో గెలిచినవాడు "కొవ్వు తగ్గించే యంత్రం ఇదే" అని చెబితే జనం నమ్మకుండా ఉంటారా? ఆయన 2025 మార్చిలో మరణించేనాటికి ఆ గ్రిళ్లు పది కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. 'కారిందంటే కొవ్వే' అన్న నమ్మకం కూడా వాటితోపాటే ఇళ్లలోకి వచ్చింది.

రెండు వైపులా వేడి తగిలితే

ఇటువంటి గ్రిల్ త్వరగా ఉడికించటానికి కారణం చాలామంది అనుకున్నట్లు అధిక ఉష్ణోగ్రత కాదు. పెనం కూడా అంత వేడెక్కుతుంది. అసలు కారణం వేడి ప్రయాణించవలసిన దూరం.

మాంసం మంచి ఉష్ణవాహకం కాదు. అందులో వేడి నెమ్మదిగా పాకుతుంది. పైగా దూరం రెట్టింపయితే పట్టే కాలం రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లవుతుంది. రెండు సెంటీమీటర్ల మందం ఉన్న ముక్కను కదపకుండా ఒకవైపే కాలిస్తే, వేడి రెండు సెంటీమీటర్లూ దాటి అవతలి అంచుకు చేరాలి. రెండు వైపులా పలకలు ఉంటే, నడిమధ్యకు ఒక సెంటీమీటరు వస్తే చాలు. దూరం సగం, కాలం నాలుగోవంతు. పెనం మీద తరచుగా తిరగేస్తూ ఉంటే తేడా ఇంత ఉండదు గాని, ఎంతో కొంత తప్పకుండా ఉంటుంది.

ఈ వేగంలోనే ప్రమాదమూ ఉంది. ఇలాంటి ముక్క గ్రిల్‌లో అయిదారు నిమిషాలకే ఉడికిపోతుంది. పెనం అలవాటు చొప్పున పావుగంట ఉంచితే, మిగిలిన తొమ్మిది పది నిమిషాలూ మనం చేసేది వంట కాదు, ఆరబెట్టటం.

లెక్క వేసి చూద్దాం

ఇప్పుడు బావగారి పళ్లెం దగ్గరికి వద్దాం. చర్మం, పైకి కనిపించే కొవ్వు తీసేసిన కోడి రొమ్ము ముక్క 200 గ్రాములు ఉందనుకోండి. అందులో నీరు సుమారు 150 గ్రాములు, మాంసకృత్తులు సుమారు 45 గ్రాములు ఉంటాయి. కొవ్వు అయిదు గ్రాములకు మించదు. కాల్చిన తర్వాత ముక్కను తూస్తే 140 గ్రాములే ఉందనుకుందాం. తరిగింది 60 గ్రాములు. ముక్కలోని కొవ్వంతా బొట్టు మిగలకుండా కారిపోయిందని ఒప్పుకున్నా, అది అయిదు గ్రాములే. మరి మిగిలిన 55 గ్రాములు ఏమిటి?

నీరు. కొంత ఆవిరై పోయింది, కొంత పళ్లెంలోకి కారింది. దానితోపాటు నీటిలో కరిగే మాంసకృత్తులు, లవణాలు కాస్త వచ్చాయి. పళ్లెంలో తెల్లగా విరిగిన పాలలా కనిపించేవి ఆ మాంసకృత్తులే.

ఇంట్లో త్రాసు ఉంటే మీరే ఈ ప్రయోగం చేయవచ్చు. త్రాసు లేకపోయినా మరో మార్గం ఉంది. పళ్లెంలోని ద్రవాన్ని సన్నటి గాజు గ్లాసులో పోసి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. కొవ్వు నీటికన్నా తేలిక కాబట్టి పైకి తేలి పేరుకుంటుంది. చర్మం తీసిన కోడి అయితే పైన పల్చని పొర ఉంటుంది, అడుగున ఉన్నదంతా నీరే. పొర దళసరిగా ఉందంటే, మీరు ముక్కకు రాసిన నూనె కూడా అందులో ఉందేమో ఆలోచించుకోండి!

కొవ్వు ఎక్కువగా ఉన్న మాంసం పెడితే, లేదా చర్మంతో సహా కాలిస్తే, నిజంగానే చెప్పుకోదగినంత కొవ్వు కారుతుంది. కొవ్వు లేని ముక్క నుంచి కారటానికి కొవ్వేదీ? డాక్టరు చెప్పినట్లు సరైన ముక్క ఎంచుకున్నప్పుడే ఆ పని సగం అయిపోయింది. ఇక మనం కాపాడుకోవలసింది నీటిని.

నీరు ఎలా బయటపడుతుంది?

కండరం అంటే సన్నటి పోగుల కట్ట. పోగుల లోపల మాంసకృత్తుల అణువులు వలలా అల్లుకుని ఉంటాయి. నీరు ఆ వల సందుల్లో చిక్కుకుని ఉంటుంది, తడి స్పాంజిలో ఉన్నట్లు. వేడి తగిలేకొద్దీ అణువుల మడతలు విచ్చుకుని, మళ్లీ ఒకదానికొకటి అతుక్కుని, వల బిగుసుకుంటుంది.

ఇది అంచెలంచెలుగా జరుగుతుంది. 50 డిగ్రీల ప్రాంతంలో మయోసిన్ అనే మాంసకృత్తి గడ్డకట్టటం మొదలవుతుంది. పచ్చిమాంసం తెల్లబడేది అప్పుడే. 60 దాటాక పోగుల చుట్టూ ఉన్న కొల్లాజెన్ పొరలు ముడుచుకుని, తడిగుడ్డను పిండినట్లు పోగులను పిండుతాయి. 65 నుంచి 80 మధ్య ఆక్టిన్ అనే మరో మాంసకృత్తి కూడా బిగుసుకుంటుంది. ముక్క గట్టిపడి, పొడిబారి, పీచు కట్టేది ఈ చివరి అంచెలోనే. కొవ్వు ఉన్న మాంసంలో, కరిగిన కొవ్వు నాలుకకు జారుడుగా తగిలి, పోయిన నీటి లోటును కొంత కప్పిపుచ్చుతుంది. కొవ్వు లేని ముక్కకు ఆ రక్షణ లేదు. అందుకే చేసిన పొరపాటు వెంటనే బయటపడుతుంది.

పోషకాహార పట్టికల్లో పచ్చి కోడిమాంసం కన్నా కాల్చిన మాంసంలో మాంసకృత్తులు ఎక్కువ ఉన్నట్లు కనిపించటానికీ ఇదే కారణం. మన ఉదాహరణలో 200 గ్రాముల్లో ఉన్న 45 గ్రాములే ఇప్పుడు 140 గ్రాముల్లో ఉన్నాయి. నూటికి 23 ఉన్నది 32 అయింది. గ్రిల్ కొత్తగా ఏమీ తయారు చేయలేదు, నీరు తీసేసింది అంతే.

ఎర్రగా కాలిస్తే రసం లోపలే ఉంటుందా?

మొదట పెద్ద వేడి తగిలిస్తే పైన పెచ్చు కట్టి రసం లోపలే నిలుస్తుందని చాలామంది చెబుతారు. ఈ మాటకు మూలపురుషుడు గొప్ప జర్మన్ రసాయనశాస్త్రజ్ఞుడు యూస్టస్ ఫాన్ లీబిగ్. 19వ శతాబ్దం మధ్యలో ఆయన చెప్పిన ఈ ఊహను వంట పుస్తకాలు వేదవాక్కుగా తీసుకున్నాయి. కాని అది నిజం కాదు. పరీక్షకు ప్రయోగశాల అక్కర్లేదు. పెచ్చు కట్టిన తర్వాత కూడా ముక్క 'చుయ్' మంటూనే ఉంటుంది కదా? ఆ చప్పుడు నీటి బొట్లు వేడి లోహాన్ని తాకి ఆవిరవుతున్న చప్పుడు. రసం బయటికి వస్తూనే ఉందన్న మాట.

ఆ ఆవిరి వేడిని కూడా తినేస్తుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావటానికి సుమారు 540 కేలరీల గుప్తోష్ణం కావాలని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. 30 గ్రాముల నీరు ఆవిరైతే 16,200 కేలరీలు. 200 గ్రాముల ముక్కను 25 డిగ్రీల నుంచి 75 డిగ్రీలకు తేవటానికి అందులో సగం చాలు. అంటే తడి ముక్క పెడితే గ్రిల్ శక్తి చాలావరకు నీరు ఆర్చటానికే పోతుంది. ఉపరితలం తడిగా ఉన్నంత సేపూ అక్కడి ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటదు.

అయినా ఎర్రగా కాల్చటం వ్యర్థం కాదు, అది రుచి కోసం. మాంసంలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి 140 డిగ్రీలు దాటాక చురుకుగా చర్య జరిపి, గోధుమరంగును, వందలకొద్దీ సువాసన పదార్థాలను ఇస్తాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడి పేరు మీద దీన్ని మయ్యార్ చర్య అంటారు. రొట్టె పెచ్చు, వేయించిన కాఫీ గింజల వాసన కూడా దీని చలవే. ముక్కను గ్రిల్‌లో పెట్టేముందు పొడిగా తుడిస్తే ఉపరితలం త్వరగా 100 దాటుతుంది. లోపలి భాగం ఎండిపోకముందే పైన రంగు వస్తుంది.

అన్ని మాంసాలూ పనికిరావు

కొవ్వు తక్కువ ఉన్నంత మాత్రాన ప్రతి మాంసమూ గ్రిల్‌కు తగదు. ఛత్తీస్‌గఢ్‌లో దంతెవాడ, కాంకేర్ వైపు పెంచే కడక్‌నాథ్ కోడినే తీసుకోండి. దాని ఈకలే కాదు, మాంసం కూడా నల్లగా ఉంటుంది. కొవ్వు తక్కువని దానికి పేరు. పొరుగునున్న మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కడక్‌నాథ్‌కు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. మన నాటుకోడిలాగే అది నెలల తరబడి తిరిగి పెరుగుతుంది. బాగా పనిచేసిన కండరంలో కొల్లాజెన్ గట్టిపడి ఉంటుంది. ఆ కొల్లాజెన్ మెత్తని జిలాటిన్‌గా మారాలంటే నీటి తడిలో చాలాసేపు ఉడకాలి. అయిదు నిమిషాల గ్రిల్‌కు అది లొంగదు. అరకులో ముక్కలను వెదురు బొంగులో మూసి నిప్పుల మీద పెట్టేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. బొంగు లోపలి తడి, ఆవిరి చేసే పని అదే. కాబట్టి కడక్‌నాథ్, నాటుకోడి, మేక కాలి పిక్క పులుసుకే తగినవి.

సుమారు ఆరు వారాలకే కోతకు వచ్చే బ్రాయిలర్ కోడి రొమ్ములో కొల్లాజెన్ తక్కువ, లేతది. గ్రిల్‌కు అది తగినది. కొర్రమీను వంటి చేప ముక్కలూ బాగుంటాయి. మేక తొడ మాంసం పెట్టాలంటే పత్థర్ కా గోష్త్ వారి పద్ధతి పాటించండి. పోగులకు అడ్డంగా, పల్చగా కోస్తే పోగులు పొట్టిగా తెగి నమలటం తేలికవుతుంది. వారు పచ్చి బొప్పాయి ముద్ద పట్టించటంలో కూడా శాస్త్రం ఉంది. అందులోని పపయిన్ అనే ఎంజైము మాంసకృత్తులను తుంచుతుంది. అది లోపలిదాకా పోదు గనుక పల్చని ముక్కల మీదే బాగా పనిచేస్తుంది. ఎక్కువసేపు ఉంచితే ఉపరితలం పిండిపిండిగా అవుతుంది.

ఎంత వేడి చాలు?

ఇరుకుదారి అన్నది ఇక్కడే. కోడిమాంసంలో సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ వంటి బాక్టీరియా ఉండవచ్చు. ముక్క నడిమధ్య 74 డిగ్రీలు వస్తే అవి వెంటనే చస్తాయి. 80, 85కు పోతే నీరంతా పోతుంది. రంగు చూసి, రసం చూసి ఈ తేడా చెప్పటం కష్టం. 74 రాకముందే మాంసం తెల్లబడవచ్చు, ఉడికిన తర్వాత కూడా ఎముక దగ్గర ఎర్రగా ఉండవచ్చు. సూదిలాంటి మొన ఉన్న వంట థర్మామీటరు ఒక్కటే నమ్మదగిన సాక్షి. మొనను పక్కనుంచి నడిమధ్యకు గుచ్చి, 74 చూపగానే తీసేయండి.

మాడ్చటం విషయంలో కూడా ఒక మాట. 1977లో జపాన్‌లో తకాషి సుగిమురా బృందం, మాడిన చేప, మాంసాల ఉపరితలంలో కణాల జన్యుపదార్థాన్ని మార్చగల పదార్థాలు ఉన్నట్లు గుర్తించింది. తర్వాత వీటిని హెటిరోసైక్లిక్ అమీన్లుగా తెలుసుకున్నారు. మాంసంలోని క్రియాటిన్, అమైనో ఆమ్లాలు పెద్ద వేడి మీద ఎక్కువసేపు ఉంటే ఇవి పుడతాయి. జంతువులకు పెద్ద మోతాదుల్లో ఇచ్చినప్పుడు కాన్సర్ వచ్చింది. మనుషుల విషయంలో ఇంకా తేల్చి చెప్పలేదు. కొవ్వు నిప్పుల మీద పడి లేచే పొగలో ఉండే హానికర పదార్థాలు మరో రకం. నిప్పులు లేవు గనుక విద్యుత్ గ్రిల్‌లో ఆ బెడద తక్కువ. మొదటి రకాన్ని తగ్గించటం మన చేతిలో ఉంది: త్వరగా కాల్చి తీసేయటం, నల్లబడిన భాగాన్ని కోసి పారేయటం. నిమ్మరసం, వెల్లుల్లి, మసాలాల్లో నానబెట్టినా ఇవి తక్కువగా ఏర్పడతాయని పరిశోధనల్లో తేలింది.

చేయవలసిన పద్ధతి

కోడి రొమ్ము ఒకవైపు లావుగా, మరోవైపు సన్నగా ఉంటుంది. అలాగే పెడితే లావు భాగం ఉడికేలోగా సన్న భాగం ఎండుతుంది. పైగా మూతలోని పలక లావు భాగాన్నే తాకుతుంది. అందుచేత ముక్కను అడ్డంగా చీల్చిగాని, రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి అప్పడాల కర్రతో తట్టిగాని ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల సమమైన మందానికి తీసుకురండి.

వండటానికి గంట ముందు ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో ఉంచండి. కిలోకు పది పన్నెండు గ్రాములు చాలు. ఉప్పు కొన్ని మాంసకృత్తులను వదులు చేసి, అవి మరింత నీటిని పట్టుకునేటట్లు చేస్తుంది. రక్తపోటు ఉన్నవారు ఇంకా తగ్గించుకోవాలి. పెరుగు, అల్లం వెల్లుల్లి, పసుపు రాస్తే మంచిదే. కాల్చేముందు మాత్రం అదనపు ముద్దను తీసేయండి. పచ్చి కోడిని ధారగా నీళ్లు పట్టి కడిగితే క్రిములు చావవు, తుంపరలతో గట్టంతా పాకుతాయి. కడగకుండా మనసొప్పకపోతే గిన్నెలో నెమ్మదిగా కడిగి, సింకు శుభ్రం చేసుకోండి. ముక్కను పొడిగా తుడవండి.

గ్రిల్ పూర్తిగా వేడెక్కాకే ముక్క పెట్టండి. మూత మీద చేత్తో నొక్కవద్దు, స్పాంజిని పిండినట్లే అవుతుంది. నాలుగు నిమిషాల నుంచి థర్మామీటరు చూడటం మొదలుపెట్టండి. తీసిన తర్వాత మూడు నిమిషాలు ఆగి కోయండి. పచ్చిమాంసం పెట్టిన పళ్లెంలో ఉడికినదాన్ని పెట్టవద్దు.

పలకలకు ఉన్న నాన్‌స్టిక్ పూత మీద ఇనుప గరిటె గీయకూడదు, ఖాళీ గ్రిల్‌ను చాలాసేపు వేడెక్కనివ్వకూడదు. పూత గీతలు పడిన పాత్రలు వాడవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో హెచ్చరించింది. 230 వోల్టుల మీద 1000 వాట్ల గ్రిల్‌కు నాలుగున్నర ఆంపియర్లలోపే కావాలి, మామూలు ఆరు ఆంపియర్ల సాకెట్ చాలు. 1800 వాట్లదయితే ఎనిమిది ఆంపియర్ల దాకా పోతుంది. దాన్ని పదహారు ఆంపియర్ల సాకెట్‌కే కలపాలి. 1000 వాట్ల గ్రిల్ పావుగంట పనిచేస్తే కాలేది మహా అయితే పావు యూనిట్.

మరునాడు బావగారింట్లో ఇదే పద్ధతిలో మళ్లీ కాల్చాం. ముక్క కత్తి కింద మెత్తగా తెగింది, కోసిన చోట తడి మెరిసింది. అక్క రెండోసారి వడ్డించుకుంది. బావగారు మాత్రం పళ్లెం లాగి చూసి నిరాశపడ్డారు. అడుగున చెంచాడు ద్రవం కూడా లేదు. "ఈసారి కొవ్వు పోలేదేమో?" అన్నారు.

"అది నిన్నా పోలేదు బావగారూ, ఉంటే కదా పోవటానికి! తగ్గింది మీ నూనె డబ్బాలో" అన్నాను. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 కిలోకేలరీలు ఉంటాయి. వేపుడుకు అలాంటివి మూడో నాలుగో పోసేవారు. గ్రిల్ చేసిన మేలు అక్కడుంది, పళ్లెంలో కాదు. పళ్లెం ఎంత ఖాళీగా ఉంటే ముక్క అంత మెత్తగా ఉంటుంది. మెత్తగా ఉంటేనే రేపు కూడా గ్రిల్ గట్టు మీద ఉంటుంది.